పెటాంగ్ అన్నం పిలుపు

నవంబరు రెండో తేదీన వాళ్ళు తిన్నది తూపిగ్. జిగటబియ్యపు పిండిలో కొబ్బరికోరు, బెల్లం కలిపి అరటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చినది. శ్మశానమంతా ఆ వాసనా కొవ్వొత్తుల వాసనా కలిసిపోయి ఉన్నాయి. అనిసెతో తన వాటాను సగానికి విరిచి భార్య పెటాంగ్ సమాధి మీద పెట్టాడు. ఉడికించిన గుడ్డు, చిన్న గిన్నెలో అన్నం, రెండు వక్కలు అప్పటికే ఆమె కోసం అక్కడ ఉన్నాయి. పోయినవాళ్ళకు పెట్టకుండా ఆ రోజున ఆ లోయలో ఎవరూ ముద్ద ఎత్తరు.

“సగమేనా?” అన్నాడు బాల్దో. “అక్క బతికున్నప్పుడు చేప తలకాయ నువ్వే లాగించేవాడివి. ఇప్పుడు తూపిగ్ దగ్గర కూడా కక్కుర్తేనా బావా?”

“మిగతా సగం నీకే దాచాను. లేకపోతే వచ్చే ఏడాది దాకా దెప్పుతావు.”

“విన్నావా అక్కా? నీ ముందే నాకు లంచమిస్తున్నాడు,” అని సమాధికి చెప్పి బాల్దో ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు.

బాల్దో పెటాంగ్ తమ్ముడు. మెడ మందం, గొంతు పెద్దది. వాళ్ళ ఊరు శాంటా పెలాయాలో వరద వస్తే జనాన్ని తెచ్చే పడవ నడిపేది అతనే. అనిసెతో నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి, పెన్షన్ తీసుకున్నాక ఊరి విపత్తు కార్యాలయంలో రేడియోల బాధ్యత చూస్తున్నాడు. పెటాంగ్ పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆదివారాల పూట అతను ఒంటరిగా కంచం ముందు కూర్చోకుండా చూసింది ఈ గొంతు పెద్ద బావమరిదే. అడక్కుండానే వచ్చేవాడు, కూర బాగాలేదని తిట్టేవాడు, రెండోసారి వడ్డించుకునేవాడు.

“నీ సెట్టేదీ?” అని అనిసెతో అతని నడుము వైపు చూశాడు.

“ఇంట్లో మేకుకి వేలాడుతోంది. సమాధుల పండక్కి పోలీసు రేడియో తగిలించుకొస్తే అక్క లేచి తంతుంది.”

“నిన్నటితో తాళం మారింది బాల్దో. అందరూ తెచ్చుకుని మార్పించుకున్నారు. నువ్వే మిగిలావు.”

వాళ్ళు తాళం అనేది ఇనుప తాళాన్ని కాదు. పోలీసులూ సైన్యమూ సహాయ పడవలూ వాడే ఆ రేడియోల్లో మాట బయటివాళ్ళకు అర్థం కాకుండా కలగాపులగం చేసే రహస్య సంకేతమది. ప్రతి నెలా ఒకటో తేదీన శిబిరం నుంచి సైనికుల జీపులో కొత్తది వచ్చేది. ఒక్కొక్క సెట్టునూ తీగతో చిన్న పెట్టెకు తగిలించి అనిసెతో దాన్ని ఎక్కించేవాడు. ఆ పెట్టె గది దాటి బయటికి రాకూడదు, సెట్టే పెట్టె దగ్గరికి రావాలి. పాత తాళాన్ని అదే రోజు సాక్షి ఎదుట చెరిపెయ్యాలి. తాళం లేకుండా మామూలుగా మాట్లాడే వీలు కూడా సెట్లలో తీసేశారు. రెండేళ్ళ కిందటి వరదలో ఎవరో దొంగచాటుగా రేడియో విని, ఏ వీధి ఖాళీ అయిందో తెలుసుకుని ఇళ్ళు దోచారు. అదే సంవత్సరం కొండల్లో సైనికుల బండి ఏ దారిన వస్తుందో విన్నవాళ్ళు దారి కాశారు. ఆ తర్వాత పెట్టిన నియమమిది. అది తప్పని అనిసెతో ఎప్పుడూ అనుకోలేదు.

“రేపు తెస్తాలే,” అన్నాడు బాల్దో, సమాధి మీద కారిన మైనాన్ని గోటితో గీకుతూ. “ముందు అక్క. నీ పెట్టె తర్వాత.”

కాదనడానికి అనిసెతోకు నోరు రాలేదు. అక్క సమాధి దగ్గర కూర్చున్నవాణ్ణి లేపి, రేడియో తెమ్మని ఇంటికి తోలడం ఏం మర్యాద? వస్తుందన్న తుపాను కూడా ఉత్తరంగా సముద్రంలోకే పోతుందన్నారు.

“సరే. పొద్దున్నే తే,” అన్నాడు.

తుపాను ఉత్తరంగా పోలేదు.

మూడో తేదీ తెల్లారేసరికి మొక్కజొన్న చేలు కనిపించడం మానేశాయి. బాల్దో ఇల్లు నది వైపున ఉంది. కార్యాలయానికి వచ్చే దారి నడుము లోతు నీళ్ళలో మునిగింది. ఎవరి చేతనో కబురు పెట్టాడు: కలామగుయ్ పేటలో జనం పైకప్పులెక్కారట, పడవ తీసుకుని వెళ్తున్నాను, సెట్టు మెళ్ళో వేసుకున్నాను, బావ బెంగపడొద్దు అని. ఆ కబురు అందేసరికే పడవ ఇరుకు దాటి ఎగువకు వెళ్ళిపోయింది.

ఇరుకు అంటే శాంటా పెలాయాకు ఎగువన రెండు గుట్టల మధ్య నది సన్నబడే చోటు. కలామగుయ్ దానికి అవతల ఉంది. పోవాలన్నా రావాలన్నా పడవకు వేరే దారి లేదు.

అనిసెతో రేడియో ముందు కూర్చుని పిలిచాడు. జవాబు రాలేదు. రాదని తెలిసే పిలిచాడు.

మధ్యాహ్నం దాటాక కెప్టెన్ ఒలివారెస్ తడి బూట్లతో గదిలోకి వచ్చాడు. ఊళ్ళో పోలీసులకు పెద్ద ఆయనే. మాట తక్కువ, ముఖం ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది.

“ఎగువ ఆనకట్ట నుంచి సమాచారం వచ్చింది ఇంజినీర్. నీళ్ళు ఆపలేకపోతున్నారు, అన్ని గేట్లూ ఎత్తుతున్నారు. చీకటి పడేలోపు ఆ నీళ్ళు ఇరుకులోకి వస్తాయి. పడవలన్నిటినీ వెనక్కి పిలవండి.”

“మన పడవ ఒక్కటే బయట ఉంది కెప్టెన్. అది మన మాట వినలేదు.”

“వినలేదంటే?”

 తప్పును బాల్దో మీదికి నెట్టెయ్యడం అనిసెతోకు సులువు.

“తాళం మార్చలేదు. నిన్న శ్మశానంలో అడిగాను, రేపు తెస్తానన్నాడు. నేనే సరేనన్నాను. పాత తాళంతోనే వెళ్ళాడు.”

“అయితే మన సెట్టుకు పాత తాళం పెట్టండి.”

“మొన్న చెరిపేశాం. సాక్షిగా సంతకం చేసింది మీరే.”

కెప్టెన్ గోడ వైపు తిరిగి, “ఇంకేం దారి ఉంది?” అన్నాడు.

ఉన్న దారులన్నీ వాళ్ళు ఒక్కొక్కటే తొక్కారు. సెల్ టవరు పొద్దుటే పడిపోయింది. మోటారు సైకిలు మీద గుట్ట దాకా పంపిన పోలీసు దారి తెగిందని తిరిగొచ్చాడు. సైన్యం రబ్బరు పడవ దిగువ ఊళ్ళో ఉంది, ఆ ప్రవాహానికి ఎదురు రావడం దానివల్ల కాదన్నారు. చర్చి మైకులో పేరు పెట్టి అరిపించారు. గాలి ఆ మాటల్ని ఊరి మీదికే తిరిగి విసిరింది.

“ఇంకో పడవలో మనుషుల్ని పంపనా?” అన్నాడు కెప్టెన్. అడిగిన తీరులోనే వద్దని చెప్పమనే వేడుకోలు ఉంది.

“వద్దు. వాళ్ళు చేరేలోపే నీళ్ళొస్తాయి.”

రేడియో దగ్గర రెండో కుర్చీలో జోవెలిన్ ఉంది. కొత్తగా చేరిన పోలీసు పిల్ల. పొద్దుటి నుంచీ చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తియ్యలేదు. “మనోంగ్, ఈ సెట్టులోకి నీళ్ళు పోయినట్టున్నాయి,” అంది. ఆమె అతన్ని పెద్దన్న అని అర్థం వచ్చేలా మనోంగ్ అనే పిలిచేది. “పొద్దుటి నుంచి మధ్యమధ్యలో దీపం ఊరికే వెలిగి ఆరుతోంది. మిగతావాళ్ళ మాటలు వస్తున్నాయి, అప్పుడు మాత్రం ఒక్క మాటా రావడం లేదు. ఇదిగో, మళ్ళీ.”

రేడియో ముఖం మీద గోరంత ఆకుపచ్చ దీపం వెలిగింది. ఎవరైనా మాట్లాడుతుంటే వెలిగేది అది. గదిలో వాన చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. దీపం కాసేపు అలాగే వెలిగి ఆరిపోయింది.

అనిసెతో దీపం మీదికి వంగాడు.

“నీళ్ళు కావు పిల్లా. అది బాల్దో. మాట్లాడుతున్నాడు.”

“వినపడటం లేదుగా!”

“అతనిది పాత తాళం, మనది కొత్తది. గొంతు బయటే ఆగిపోతుంది. దీపానికి తాళంతో పని లేదు. ఎవరు బటన్ నొక్కినా వెలుగుతుంది.”

పొద్దుటి నుంచీ బాల్దో తమను పిలుస్తూనే ఉన్నాడు. ఇక్కడ కూర్చుని వాళ్ళు దీపాన్ని చూసి సెట్టు పాడైందనుకున్నారు. ఎన్నిసార్లు పిలిచి ఉంటాడు? ఎంత తిట్టి ఉంటాడు? ఆ తిట్లలో ఒక్కటి వినపడినా చాలనిపించింది అనిసెతోకు.

తర్వాత ఇంకో సంగతి తట్టింది. తను నొక్కితే అక్కడా దీపం వెలగాలి.

కానీ వెలిగిన దీపానికి అర్థమేమిటి? రమ్మనా, ఆగమనా? ఇద్దరి మధ్యా ముందుగా అనుకున్న సంజ్ఞ ఒక్కటీ లేదు. మాట్లాడుకోవడానికి ఇంత గట్టి ఏర్పాటు ఉండగా దీపాల సంజ్ఞలు ఎవరు నేర్పుతారు?

అప్పుడు పెటాంగ్ గుర్తుకొచ్చింది. నిజానికి ముందు గుర్తుకొచ్చింది ఆమె బొటనవేలు.

పెళ్ళయిన కొత్తలో పెటాంగ్ వాళ్ళింటిని ఆనుకునే ఉన్న నీటిపారుదల కార్యాలయంలో రేడియో చూసేది. అనిసెతో కాలవల మీద తిరిగేవాడు, పడవ బాల్దోది. అప్పటివి మామూలు రేడియోలు, లోయంతా వినేది. సర్కారు సెట్టులో ఇంటి ముచ్చట్లు మాట్లాడటం నిషేధం. పైగా ఇంజినీరు గారింట్లో ఈ పూట ఏం కూరో నాలుగు ఊళ్ళకు తెలియడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని అన్నం దించగానే మాట లేకుండా బటన్ నొక్కేది. మూడు పొట్టి నొక్కులు, ఒక పొడుగు. అవతల సెట్టులో చిటుకు చిటుకు చిటుకు, తర్వాత బుస్సుమని ఒక నిట్టూర్పు. అన్నం దించాను, వచ్చెయ్యండి అని దానర్థం. బాల్దో అది వినగానే పడవ తిప్పేవాడు. నీటి కొలత సగంలో ఉందని అనిసెతో మొత్తుకున్నా ఆగేవాడు కాదు. ఆలస్యమైతే చేప తలకాయ పిల్లికి పోతుందని ఆమె బెదిరింపు. ఒకసారి నిజంగానే పిల్లికి వేసింది కూడా.

ముప్పయ్యేళ్ళ కిందటి మాట. అప్పుడు అది చప్పుడు, ఇప్పుడది దీపం. బాల్దోకు తడుతుందా? అసలు దీపం వైపు చూస్తాడా? వానలో, మోటారు హోరులో, జనం ఏడుపుల మధ్య మెడలో వేలాడే సెట్టును ఎవరు చూస్తారు?

“ఏం చేస్తున్నారు ఇంజినీర్?” అన్నాడు కెప్టెన్.

“అన్నానికి పిలుస్తున్నాను.”

కెప్టెన్ అతని ముఖంలోకి చూశాడు. మతి చలించిందేమోనన్న అనుమానం ఆ ఇస్త్రీ ముఖంలో మొదటిసారి ముడత వేసింది.

అనిసెతో నొక్కాడు. మూడు పొట్టి, ఒక పొడుగు. ఆగాడు. మళ్ళీ నొక్కాడు. కిటికీ బయట వెలుతురు తడిబట్టలా వేలాడుతోంది. బొటనవేలు నొప్పి పుట్టింది, రెండో చేతికి మార్చాడు. మధ్యలో రెండుసార్లు దీపం వెలిగింది. ప్రతిసారీ ఊపిరి బిగబట్టాడు. అది సంజ్ఞ కాదు. ఎడతెగని పొడుగు వెలుగు. బాల్దో ఇంకా తన గొంతుతోనే మాట్లాడుతున్నాడు. వినపడని గొంతుతో.

“చూడరా,” అన్నాడు అనిసెతో మెల్లగా. “మాట్లాడింది చాలు. ఒక్కసారి నోరు మూసి కిందికి చూడు.”

“నేను నొక్కనా మనోంగ్?” అంది జోవెలిన్.

“నొక్కు. తొందరపడకు. ఆవిడ ఎప్పుడూ తొందరపడేది కాదు. పొయ్యి మీంచి గిన్నె దించి, చెయ్యి తుడుచుకుని వచ్చి నొక్కేది.”

ఆ పిల్ల యూనిఫాం పాంటుకు చెయ్యి తుడుచుకుని నొక్కింది. ఎందుకు తుడుచుకుందో ఆమెకే తెలిసి ఉండదు. అంత కలతలోనూ అనిసెతోకు అది కనిపించింది, కళ్ళు చెమర్చాయి.

నీటి మట్టం గురించి కబుర్లు వస్తూనే ఉన్నాయి. గేట్లు ఎత్తేశారు. ఎగువన పశువుల సంత మునిగింది. ఆ నీళ్ళు ఒక్కో ఊరూ దాటుకుంటూ దిగుతున్న సంగతి అదే రేడియోలో, తాళం వేసిన గొంతుల్లో, స్పష్టంగా వినపడుతోంది. వినపడాల్సినవాడికి తప్ప అందరికీ వినపడుతోంది.

“ఇక రారేమో,” అన్నాడు కెప్టెన్, ఎవరితోనూ కానట్టు. అప్పుడు దీపం వెలిగింది.

పొట్టిగా. మళ్ళీ పొట్టిగా. మళ్ళీ. ఆ తర్వాత పొడుగ్గా, చాలాసేపు.

జోవెలిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అనిసెతో ఆ వెలుగు ఆరాక కూడా అక్కడే చూస్తూ ఉన్నాడు.

దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి వేరేగా. రెండు పొట్టి నొక్కులు, కాస్త ఆగి మళ్ళీ రెండు.

“ఇదేమిటి?” అన్నాడు కెప్టెన్.

“తెలీదు. ఇది మాకు లేదు.”

రెండు, రెండు. రెండు, రెండు. దేనికో బతిమాలుతున్నట్టుంది. పడవకు ఏమైనా అయిందా? రెండు గంటలు ఆగమంటున్నాడా? ఇద్దరెవరికో ప్రాణం మీదికి వచ్చిందా? పెటాంగ్ నేర్పింది ఒక్కటే మాట. ఆ మాటలో ప్రశ్నకు చోటు లేదు, బేరానికి అసలే లేదు.

అనిసెతో కళ్ళు మూసుకున్నాడు. అక్కడ ఏముందో తెలియకుండా వచ్చెయ్యమనడం ఎంత పాపమో అతనికి తెలుసు. బాల్దో వదిలి రాలేనిదేదో అక్కడ ఉంది. అయినా నొక్కాడు. మూడు పొట్టి, ఒక పొడుగు.

రెండు, రెండు, అంది దీపం.

మూడు పొట్టి, ఒక పొడుగు. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

దీపం ఆరింది. ఇక వెలగలేదు.

పడవ వస్తోందని చర్చి గోపురం మీంచి ఎవరో అరిచేసరికి దూరంగా ఉన్న మనుషుల ముఖాలు ఆనవాలు పట్టలేనంత చీకటి పడింది. అనిసెతో రేవు దాకా వెళ్ళలేదు. సెట్టు వదిలిపెట్టకూడదనుకున్నాడు. కిటికీలోంచి చూస్తుంటే పడవ అంచు నీళ్ళకు జానెడు పైన ఉంది. అందులో నిలబడినవాళ్ళు, కూర్చున్నవాళ్ళు, ఒకరి ఒళ్ళో ఒకరు. ఒకామె చంకలో కోడిపుంజు. పడవ కొక్కేనికి తాడు వేసీ వేయకముందే ఇరుకు వైపు నుంచి చప్పుడు మొదలైంది. అది నీటి చప్పుడులా లేదు. కంకర లారీ ఎక్కడో బోర్లా పడినట్టుంది, పడి ఎంతకీ ఆగనట్టుంది. రేవు మెట్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చెట్లు వేళ్ళతో సహా నిలువునా తేలుతూ పోయాయి.

బాల్దో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి.

“అక్క అన్నానికి పిలిచింది, వచ్చాను,” అన్నాడు. “ఏదీ అన్నం?”

అనిసెతో లేచి అతని రెండు భుజాలూ పట్టుకున్నాడు. బాల్దో విదిలించుకున్నాడు.

“ఇద్దరున్నారని ఎన్నిసార్లు చెప్పాను బావా! ఇద్దరు, ఇద్దరు అని వేలు అరిగేలా నొక్కాను. ఒక్క ముక్క అర్థం కాలేదా నీకు? చదువుకున్నవాడివి కదా!”

“ఎవరా ఇద్దరు?”

“గుడ్లమ్మే సెపా ముసల్ది, ఆవిడ మొగుడు తినోంగ్. జనాన్నంతా మొక్కజొన్న గిడ్డంగి డాబా మీదికి చేర్చాను. నెమ్మదిగా రెండు విడతల్లో తెద్దామనుకున్నాను. తొందరేముంది అనుకున్నాను, నాకెవడైనా చెబితేగా! నా ముందు కూర్చున్న పిల్ల అంది, మామా నీ గుండె మీద మిణుగురు పురుగు వాలిందని. తడవకుండా సెట్టుకు చుట్టిన ప్లాస్టిక్ సంచీలోంచి చూస్తే, అక్క పిలుపు. ఒళ్ళు జల్లుమంది. అది ఊరికే పిలిచే రకం కాదు కదా. సరే అందర్నీ ఎక్కించాను. తినోంగ్ మంచం మీంచి లేవలేడు, పడవలో పడుకోబెట్టే చోటు లేదు. ఆయన లేకుండా ఆవిడ రానంది. నలుగురు పిల్లల్ని చూపించి, ముందు వీళ్ళని తీసుకుపోరా గాడిదా, చూస్తూ నిలబడతావేం అని నన్నే తిట్టింది.”

బాల్దో నేల మీద కూలబడ్డాడు. పెద్ద గొంతు చిన్నదైంది. “ఆ చప్పుడు విన్నావుగా. ఆ డాబా నిలిచిందో లేదో.”

అతని మెడ ఖాళీగా ఉండటం అప్పుడు చూశాడు కెప్టెన్.

“నీ సెట్టేది?”

“ముసల్దానికి ఇచ్చాను.”

“పోలీసు సెట్టును ఊళ్ళో మనిషికి ఇచ్చావా?”

“ఇచ్చాను సార్. మరేం ఇవ్వను, దేవమాత పటమా? దీపం వెలిగితే ఇలా నొక్కు, అవతల మనిషి ఉన్నట్టు అనుకో అని చెప్పాను. మూడు పొట్టి, ఒక పొడుగు. నాలుగుసార్లు చేయించి చూశాను. గుడ్లు లెక్కపెట్టేదానికి ఇది ఓ లెక్కా అని విసుక్కుంది.”

సెట్టు పరాయి చేతిలో పడితే నియమం ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. వెంటనే శిబిరానికి తెలపాలి. శిబిరం వాళ్ళు ఆ సెట్టు నంబరు కొట్టి దూరం నుంచే దాన్ని చంపేస్తారు. ఇక అది వెలగదు, పలకదు.

“కెప్టెన్,” అన్నాడు అనిసెతో. “అందులో ఉన్నది చెరిపేసిన తాళం. దానితో మన మాట ఒక్కటి కూడా ఎవరూ వినలేరు.”

“నియమంలో పాత తాళం, కొత్త తాళం అని లేదు ఇంజినీర్.”

“లేదు.”

అనిసెతో కుర్చీలో కూర్చుని నొక్కాడు. ఒకవేళ డాబా నిలిచి ఉంటే, ఆ చీకట్లో, ఆ నీటి మధ్య ఒక ముసలామె చేతిలో గోరంత ఆకుపచ్చ వెలుగు పుట్టి ఉంటుంది. లేకపోతే నది అడుగున బురదలో వెలుగుతోంది. రెండూ ఈ వైపు నుంచి ఒక్కలాగే ఉంటాయి.

జవాబు లేదు.

మళ్ళీ నొక్కాడు. జోవెలిన్ హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది, ఇక వినేదేమీ లేదు కనుక. బాల్దో మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి టేబుల్ కాలికి ఆనుకుని, తల ఎత్తి దీపాన్నే చూస్తూ కూర్చున్నాడు. పక్కగదిలో పడవలో వచ్చిన పిల్లలకు ఎవరో గంజి పోస్తున్నారు. ఒక పిల్లాడు ఉప్పు లేదని ఏడుస్తున్నాడు. అలా ఏడవగలిగినందుకు అనిసెతోకు ఆ గొంతు మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేం.

“నేను నిన్న సెట్టు తెచ్చి ఉంటే,” అన్నాడు బాల్దో.

“నేను నిన్ను పంపి ఉంటే,” అన్నాడు అనిసెతో.

“అక్క ముందు నన్ను పంపేవాడివేనా?”

“లేదు.”

“మరి ఊరుకో.”

నొక్కాడు. ఆగాడు. నొక్కాడు. నది చప్పుడు గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది. ఏ నొక్కు చివరిది అవుతుందో, ఎప్పుడు చాలించి లేవాలో ఎవరు చెప్పాలి? చాలించమని కెప్టెన్ అంటే బాగుండునని ఒకసారి, అనకపోతే బాగుండునని ఇంకోసారి అనిపించింది. కెప్టెన్ చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

దీపం వెలిగింది.

ఒకటి. చాలాసేపు ఏమీ లేదు. రెండు. తడబడుతూ మూడు. ఆ తర్వాత ఒక పొడుగు వెలుగు. ఎంత పొడుగంటే, వదిలితే ఎవరైనా పారిపోతారన్నట్టు పట్టుకున్న పొడుగు.

“ముసలిదే!” బాల్దో నేల మీద చేత్తో చరిచాడు. “చూడు బావా, ఎలా నొక్కుతోందో! తిడుతోంది నన్ను. ఒట్టు, ఆ చివరి నొక్కు తిట్టే!”

నవ్వబోయి ఏడ్చాడు. జోవెలిన్ అతని వీపు మీద చెయ్యి వేసింది. అనిసెతో వెంటనే జవాబు నొక్కాడు. తొందరపడలేదు. ముందు చెయ్యి తుడుచుకున్నాడు.

వరద తీసేది తెల్లారాకే. ఈలోగా ఆ డాబా ఇంకా నిలవాలి, ఆ బ్యాటరీ నిలవాలి, మంచం మీది మనిషి చలికి నిలవాలి. అవేవీ అతని చేతిలో లేవు. బటన్ ఒక్కటే ఉంది. గట్టుకు దూరంగా ఉన్న ఇద్దరికి అన్నం దించాను, రండి అని చెబుతూనే ఉండాలి, ఇప్పట్లో రాలేరని తెలిసి కూడా.

బాల్దో లేచి మూలనున్న బావ సంచీ విప్పాడు. నిన్న శ్మశానం నుంచి తెచ్చిన తూపిగ్‌లు రెండు అందులో అరటాకుల్లోనే ఉన్నాయి, గట్టిపడి. ఒకటి జోవెలిన్‌కిచ్చాడు. రెండోదాన్ని విరిచి సగం అనిసెతో ఎడం చేతిలో పెట్టాడు, కుడి చెయ్యి ఖాళీ లేదు కనుక. మిగిలిన సగం కెప్టెన్ వైపు చాచాడు.

“మీది?” అన్నాడు కెప్టెన్.

“నేను నిన్ననే లంచం తిన్నాను సార్.”

కెప్టెన్ దాన్ని తీసుకున్నాడు. కాసేపు చేతిలో పెట్టుకుని దీపం వైపు చూశాడు. అది మళ్ళీ వెలుగుతోంది, తడబడుతూ, ఒకటి, రెండు, మూడు.

“సెట్టు పోయిన సంగతి నాకింకా ఎవరూ చెప్పలేదు,” అన్నాడు, గుమ్మం దాటుతూ. “పొద్దున్న పడవ తిరిగొచ్చాక చెప్పండి. అందాకా ఈ గదిలోకి ఎవరూ రాకుండా చూస్తాను.”

బయట వసారాలో పడుకున్న పిల్లలు లేవకుండా గడియను వేళ్ళతో పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేశాడు.